ఎర్మెక్ గారి రెండో పాట

ఆ పాట దేశమంతా మారుమోగిన ఏడాది, ఐజమాల్ అనే పేరున్న ఏ ఆడపిల్లా రాజధాని బిష్కెక్ వీధుల్లో తలెత్తుకుని నడవలేకపోయింది. కిటికీ కనిపిస్తే చాలు, కుర్రకారు గొంతు సన్నం చేసుకుని “తెర వేయకు, ఐజమాల్” అని అందుకునేవారు. పాటలో ఉన్న కథంతా అంతే. ఐదంతస్తుల పాత క్వార్టర్ల కింద ఒక కుర్రాడు నిలబడి, పైన ఉన్న పిల్లను తెర వేయొద్దని మూడు చరణాలపాటు బతిమాలుతాడు. చివర్లో ఆ పిల్ల వేసేస్తుంది. పాడిన ఎర్మెక్ గొంతు ఎంత మెత్తనిదంటే, మొదటిసారి రేడియోలో విన్నవాళ్ళు బ్యాటరీలు అయిపోయాయనుకుని కొత్తవి కొనుక్కొచ్చారు. అయినా మినీ బస్సుల్లో అదే, మంగలి దుకాణాల్లో అదే, బజారులో పుచ్చకాయల బండి మీదా అదే.

ఆ రోజుల్లో ఎర్మెక్ ఏ విందుకు వెళ్ళినా అందరికన్నా గొప్ప అతిథికి దక్కే ఉడికించిన గొర్రె తలను తెచ్చి అతని ముందే పెట్టేవారు. తెల్లగడ్డాల పెద్దలు వరసగా కూర్చుని ఉండగా, మీసం కూడా సరిగ్గా రాని వాడికి తల పెట్టడమేమిటని ఎవరూ గొణగలేదు. పైగా ఆ పెద్దలే పళ్ళెం అతని వైపు జరిపి, “చెవి కోసి పిల్లలకు పెట్టు నాయనా, నీ గొంతు వాళ్ళకూ అబ్బుతుంది” అనేవారు. ఎర్మెక్ తెల్ల మఫ్లరు సర్దుకుని, కత్తి అందుకుని, ఇదంతా తనకు పుట్టుకతో వచ్చిన హక్కే అన్నట్టు చెవులు కోసేవాడు.

తర్వాత రెండో పాట కోసం చాలా తంటాలు పడ్డాడు. మొదట, తాను లోతైన కళాకారుణ్ణని లోకానికి తెలియజెప్పాలనిపించింది. డప్పులూ తోడేళ్ళ ఊళలూ కలిపి మనిషి జన్మ మీద ఒక ఆల్బం తీశాడు. కొన్నవాళ్ళలో సగంమంది దాన్ని వెనక్కి పట్టుకొచ్చి, క్యాసెట్టు పాడైపోయింది, లోపల కుక్కలు అరుస్తున్నాయి అని దుకాణంవాడితో తగువు పెట్టుకున్నారు. ఆ దెబ్బకు లోతు వదిలేసి “తెర తీయవా, ఐజమాల్” పాడాడు. ఐజమాల్ తీయలేదు. కర్టెన్ల కొట్టువాళ్ళు ప్రకటన కోసం ఇంటికొస్తే, కళను గుడ్డపేలికలకు అమ్ముకునేవాణ్ణి కానని గుమ్మంలోంచే పంపేశాడు. మర్నాడు తనే ఫోను చేసి, ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

ఇక మిగిలింది పెళ్ళిళ్ళు. ప్రియురాలు కాదని పొమ్మన్న పాటను పెళ్ళిలో ఎందుకు పాడిస్తారో ఎవరికీ తెలియదు. పెళ్ళికూతురు ఏడవాలి, ఆ పాటకు ఏడుపొస్తుంది, అంతే. ఎర్మెక్ గొంతు సిగరెట్లకు ఎప్పుడో పోయింది. కుర్రతనంలో చేసిన రికార్డు వేసి పెదాలు కదుపుతాడు. ఈ విద్యలో మాత్రం అతన్ని కొట్టేవాడు లేడు. రికార్డులో ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో సరిగ్గా అక్కడే ఛాతీ ఎగరేస్తాడు. గొంతు వణికే చోట కళ్ళు మూసుకుని, మైకును బిడ్డను ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకుంటాడు. అంత చేసినా పళ్ళెంలోకి వచ్చే ఎముక ఏటికేడాదీ చిన్నదైపోయింది. తల పోయి తుంటి వచ్చింది. తుంటి పోయి పక్కటెముక వచ్చింది. ఈ మధ్య విందు నడిపించే పెద్దమనిషి దగ్గరికొచ్చి, “అన్నా, లోపల డ్రైవర్లకు వడ్డిస్తున్నారు, వేడివేడిగా ఉంది, వెళ్ళి తినేయండి” అంటున్నాడు.

ఇల్లు గడిచేది భార్య బురుల్ వల్ల. ఆవిడ పళ్ళ డాక్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల చేత నోళ్ళు తెరిపించే పని కాబట్టి, ఇంట్లో నోరు తెరిచిన మనిషి మీద ఆవిడకు పెద్దగా ఓపిక ఉండదు. ఎర్మెక్‌కు ముందు పళ్ళు నాలుగూ కట్టింది ఆవిడే. ఎర్మెక్ తల్లి కూడా వాళ్ళతోనే ఉంటుంది. కోడలంటే ఆవిడకు గౌరవం, కొడుకంటే జాలి.

ఎర్మెక్ మనసులో ఉన్న పెద్ద ముల్లు గౌరవ కళాకారుడు అనే బిరుదు. తన తర్వాత వచ్చినవాళ్ళు, తన ముందు చేతులు కట్టుకు నిలబడ్డవాళ్ళు, చివరికి ఒక సర్కసు గుర్రాల శిక్షకుడు కూడా ఆ పతకం కోటుకు తగిలించుకుని తిరుగుతున్నారు. ప్రతి ఏడాదీ ఇతను దరఖాస్తు పెడతాడు, ప్రతి ఏడాదీ కమిటీ వాళ్ళు మర్యాదగా టీ ఇచ్చి పంపుతారు.

“ఒక్క పాటకు బిరుదేమిటంటున్నారు” అన్నాడు ఆ ఏడాది కూడా, బూట్లు విప్పుకుంటూ.

“నిజమే కదా” అంది బురుల్. “నేనూ ఒక్క పన్ను పీకి ఇంట్లో కూర్చుంటే నన్ను డాక్టరంటారా?”

“అది దేశం పాడుకున్న పాట.”

“ఆ పన్ను కూడా దేశమంతా వినేట్టే అరిచి పీకించుకుంటారులే.”

విచిత్రం ఆ చలికాలంలోనే మొదలైంది. బజారులో ఎండు ఆప్రికాట్లు కొంటుంటే ఒక మనిషి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “అన్నా, నారిన్‌లో మా మేనల్లుడి పెళ్ళిలో ఏం పాడారన్నా. మా ఆవిడ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటోంది” అన్నాడు. ఎర్మెక్ నారిన్ వైపు వెళ్ళి ఏళ్ళు గడిచాయి. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదుటివాడి కళ్ళలో భక్తి చూసి మళ్ళీ మూశాడు. “అక్కడి గాలి మంచిది తమ్ముడూ, గొంతు దానంతటదే పలుకుతుంది” అన్నాడు. ఆప్రికాట్లవాడు గుప్పెడు ఎక్కువ వేశాడు.

మరో వారం ఇంకొకరెవరో కొచ్కోర్‌లో విన్నామన్నారు. ఇంకొకరు, ఈ మధ్య మీ గొంతు బాగా కుదురుకుంది, ఏం తాగుతున్నారని అడిగారు. ఎర్మెక్ తేనె అని చెప్పాడు. ఎవరో పొరపాటు పడుతున్నారని లోపల తెలుస్తూనే ఉంది. కానీ పొగడ్త కాళ్ళ దగ్గరికొచ్చి వాలితే చీపురుతో తోలే మనిషి కాదు.

అలా ఉండగా ఒక వీడియో ఫోన్లన్నీ చుట్టివచ్చి అతని ఫోనులోకి వచ్చింది. పొగలు కమ్మిన డేరా, మసక వెలుతురు, తెల్ల మఫ్లరు వేసుకుని తెల్ల ఉన్ని టోపీ కళ్ళ మీదికి లాక్కున్న మనిషి. కింద “ఎర్మెక్ కొత్త పాట, ఏడవకుండా వినండి చూద్దాం” అని రాసి ఉంది. పాట పేరు “కనిపిస్తున్నానా అమ్మా”. మాస్కోలో ఎవరి వాకిళ్ళో ఊడ్చే తల్లి, కొండ ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల, మధ్యలో తెగిపోతూ ఉండే ఫోను. తల్లి చేతులు చూపించమని పిల్ల అడుగుతుంది. మంచు పారతో పగిలిన చేతుల్ని తల్లి కోటు చాటున దాచుకుని, ఇక్కడ సిగ్నల్ లేదమ్మా అని అబద్ధమాడుతుంది.

బురుల్ ఫోను లాక్కుని, బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి, గాయకుడి నోరు తెరుచుకున్న చోట ఆపింది.

“ఈ పళ్ళు నేను కట్టినవి కావు” అంది. “పైన కోరపన్ను వంకర. పాపం, చిన్నప్పుడే ఎవరన్నా చూసి ఉంటే సరిపోయేది. గొంతు మాత్రం బంగారం.”

ఎర్మెక్ ముఖం కందగడ్డలా అయింది. దొంగ అన్నాడు, పోలీసులన్నాడు, కోర్టు అన్నాడు. గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ, ఒకడి ముఖం మరొకడు దొంగిలించడం కన్నా నీచం ఉందా అని తల్లిని అడిగాడు. ఆవిడ నూనెలో బోర్సోకుల పిండి ముక్కలు వేయిస్తూ, “వాడు నీ ముఖం తీసుకుని తన గొంతు ఇచ్చాడు కదరా, నీకేం నష్టం?” అంది. అప్పుడే ఫోను మోగింది. టీవీ వాళ్ళు. కొత్త పాట గురించి మాట్లాడటానికి గురువారం స్టూడియోకి రాగలరా అని ఎంతో వినయంగా అడుగుతున్నారు. పదేళ్ళుగా ఆ నంబరు నుంచి ఇతనికి ఫోను రాలేదు.

బురుల్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఎర్మెక్ ఆవిడ వైపు వీపు తిప్పి, “గురువారమా, కాస్త పని ఉంది, అయినా మీ కోసం వస్తాను” అన్నాడు.

స్టూడియోలో యాంకరమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత బాధను ఎక్కడి నుంచి తెచ్చారు అని అడిగింది. ఎర్మెక్ మఫ్లరు సర్దుకున్నాడు. “మా అమ్మను తలుచుకుని రాశాను” అన్నాడు.

ఇంట్లో టీవీలో అది చూస్తున్న తల్లి రొట్టె నములుతూ కోడలి వైపు తిరిగింది. “నేను మాస్కో ఎప్పుడు వెళ్ళానే?”

“మీరు మర్చిపోయి ఉంటారత్తయ్యా” అంది బురుల్. “మీ అబ్బాయికైతే అంతా గుర్తుంది.”

చిక్కు తర్వాత వచ్చింది. టీవీవాళ్ళు వసంతోత్సవంలో పాట పాడమన్నారు. పెదాలు కదపడానికి ఎర్మెక్ సిద్ధమే, కానీ కదపడానికి రికార్డు కావాలి. డేరాలో తీసిన ఆ వీడియోలో పాట కన్నా చెంచాల చప్పుడే ఎక్కువ. కాబట్టి పోలీసుల మాట మానేసి, దొంగ దగ్గరికి తనే బయలుదేరాడు. కనుమ మీద మంచు ఇంకా కరగలేదు. అతనికి జారుడు దారంటే భయం, అందుకని బురుల్ సెలవు పెట్టి కారు నడిపింది. కనుమ అవతల తాష్‌కొరూ అనే ఊళ్ళో ఎర్మెక్ గారు పాడుతున్నారని దారిలో పెట్రోలు బంకువాడే చెప్పాడు.

విందు డేరా గుమ్మంలో ఒక మనిషి అడ్డం నిలబడ్డాడు. మఫ్లరు వైపు చూసి నవ్వాడు.

“ఇంకో ఎర్మెక్కా? మా ఎర్మెక్ లోపల పాడుతున్నాడుగా. నిన్నెవరు పిలిచారు?”

“నేను అసలు ఎర్మెక్‌ని.”

“అందరూ అదే అంటారు. సరే, ఇంత దూరం వచ్చావు, వెనక కూర్చుని భోంచేసి వెళ్ళు.”

వాళ్ళు వెనక, బూట్ల వరసల పక్కన కూర్చున్నారు. ముందు నిలబడి పాడుతున్న మనిషి నలభై దాటినవాడు, పొట్టి, బొద్దు. ఏ కోణంలో చూసినా ఎర్మెక్ పోలిక లేదు. మఫ్లరూ టోపీ తప్ప. రికార్డు లేదు. పక్కన ఒక ముసలాయన మూడు తీగల కొముజ్ మీటుతున్నాడు, అంతే. పాట “సిగ్నల్ లేదమ్మా” అన్న చోటికి వచ్చేసరికి డేరాలో నమలడం ఆగిపోయింది. ఆడవాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆ ఫోన్ల అవతల నిజంగానే మాస్కోలో ఎవరో ఉన్నారు, చీపురు చేత్తో పట్టుకుని వింటున్నారు. ఎర్మెక్ మఫ్లరు కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క నిమిషం తను గాయకుణ్ణన్న సంగతి మర్చిపోయి ఉత్త మనిషిలా విన్నాడు. ఆ నిమిషం గడవగానే, తన కన్నీళ్ళను ఎవరన్నా గుర్తుపట్టి ఫోటో తీస్తున్నారేమోనని చుట్టూ చూసుకున్నాడు. ఎవరూ చూడలేదు. పాట అయ్యాక గొర్రె తల ఆ బొద్దు మనిషి ముందు పెట్టారు.

అతని పేరు తోక్తోసున్. డేరా వెనక, టీ కాచే సమోవారు దగ్గర దొరికాడు. పారిపోతాడనుకుంటే ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

“మీరే వచ్చారా అన్నా, ఎంత మంచి పని చేశారు. నేనే వద్దామనుకుంటున్నాను. మీతో తగువుంది నాకు.”

“నీకా? నాతోనా?” అన్నాడు ఎర్మెక్.

“ఆ కర్టెన్ల ప్రకటన ఎందుకు చేశారన్నా? దాని తర్వాత నేను ఏ ఊరెళ్ళినా కొలతలు తీసుకోవడానికి వచ్చావా అని నవ్వుతున్నారు. మీరక్కడ హాయిగా కూర్చుని ఏదో ఒకటి చేసేస్తారు, ఇక్కడ తల ఎత్తుకోలేక చచ్చేది నేను. పేరు కాపాడుకోవడం ఇద్దరి బాధ్యత కాదా? మీరే చెప్పండి వదినా.”

“నేనూ అదే మొత్తుకున్నాను” అంది బురుల్, అతని కోరపన్ను వైపే చూస్తూ.

ఎర్మెక్ కోపం తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించాడు. “ఇంత గొంతు పెట్టుకుని సొంత పేరుతో పాడుకోవచ్చుగా?”

“పాడానన్నా, పదిహేనేళ్ళు. తోక్తోసున్ పాడుతున్నాడంటే జనం ఇంకాస్త మాంసం వడ్డించమంటారు. ఎర్మెక్ పాడుతున్నాడంటే చేతులు తుడుచుకుని వింటారు. టీవీలో కనిపించిన పేరు కావాలి వాళ్ళకు. మీ పేరు ఊరికే పడి ఉంది, వాడేవాళ్ళెవరూ లేరు, నేను దులిపి వాడుకున్నాను. మొదట్లో మీ పాటే పాడాను. వినీ వినీ జనానికే విసుగొచ్చింది. అప్పుడు నావి మొదలుపెట్టాను.”

చివరికి టీ తాగుతూ ఒప్పందానికొచ్చారు. తోక్తోసున్ పట్నం వచ్చి స్టూడియోలో పాట రికార్డు చేసి ఇస్తాడు. కనుమ అవతల పేరు అతను వాడుకుంటాడు, ఇవతల ఎర్మెక్ వాడుకుంటాడు. తోక్తోసున్ అడిగింది ఒక్కటే.

“ఎప్పుడన్నా ఒక్కసారి, పెద్ద వేదిక మీద, నా పేరుతో పాడే వీలు కల్పించండన్నా. మా అమ్మాయి బడిలో మా నాన్న ఎర్మెక్ అని చెప్పుకోలేదు, తోక్తోసున్ అని చెప్పినా ఎవరికీ తెలియదు.”

ఎర్మెక్ బల్ల మీద రొట్టె అందుకుని, దాని మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. ఆ క్షణంలో అతను నిజంగానే అన్నాడు. ఎర్మెక్ ఏ మాటైనా అనే క్షణంలో నిజంగానే అంటాడు.

రెండో పాట మొదటిదాన్ని మించిపోయింది. ఎర్మెక్ వేదిక మీద పెదాలు కదుపుతుంటే జనం లేచి నిలబడ్డారు. పత్రికలవాళ్ళు, కష్టాలు ఆయన గొంతుకు లోతునిచ్చాయి అని రాశారు. విందుల్లో గొర్రె తల తిరిగి వచ్చింది. ఆ శరత్కాలంలో కమిటీవాళ్ళు టీతో పాటు బిరుదు కూడా ఇచ్చారు. పతకం తగిలించుకుని ఇంట్లో అద్దం ముందు తిరుగుతుంటే తల్లి వచ్చి, అది బరువుగా ఉందా అని అడిగింది. తర్వాత కొద్ది రోజులకే టీవీలో కొత్త గాయకుల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. ఎర్రటి కుర్చీ, దాని చేతి మీద ఒక మీట. నచ్చకపోతే మీట నొక్కాలి, ఎర్ర దీపం వెలుగుతుంది.

తోక్తోసున్ ఆ పోటీకి వచ్చాడు. ఎవరి సిఫార్సూ లేకుండా, వరసలో నిలబడి, మఫ్లరు లేకుండా, నూనె రాసి దువ్విన జుట్టుతో. కూతురు ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చుంది. తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఎర్మెక్ వైపు చూసి చిన్నగా తల వంచాడు. ఇదిగో అన్నా, వీలు నేనే చూసుకున్నాను, మీరు ఒక్క మాటంటే చాలు అన్నట్టుంది ఆ చూపు. తన తండ్రి టోపీ గురించి ఒక కొత్త పాట పాడాడు.

పాట బాగుంది. ఎర్మెక్‌కు అది మొదటి చరణంలోనే తెలిసిపోయింది. తెలిసిన వెంటనే వెన్నులోంచి చలి పుట్టింది. హాలంతా ఆ గొంతును గుర్తుపట్టి గుసగుసలాడుతోంది. పక్క కుర్చీలో ఉన్న ఆపెరా గాయని సైకాల్ అమ్మగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“చాలా మధురంగా ఉంది నాయనా. కానీ నీ మీద ఎర్మెక్ గారి నీడ మరీ ఎక్కువగా పడింది. ఆయన ఊపిరి తీసుకునే పద్ధతి కూడా దించేశావు. ఎర్మెక్ గారే చెప్పాలి.”

కెమెరా తిరిగింది. ఎర్మెక్ గుండె మీది పతకం ఒకసారి వేళ్ళతో తడిమాడు. నిజం చెప్పడానికి కావలసిన మాటలన్నీ నోట్లో ఉన్నాయి, నాలుగు మాటలే. వాటిని మింగాడు.

“అభిమానానికి సంతోషం తమ్ముడూ” అన్నాడు, మెత్తటి గొంతుతో. “కానీ నకలు ఎంత బాగున్నా నకలే. నీ గొంతేదో నువ్వు వెతుక్కో. దొరికాక రా.”

మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

తోక్తోసున్ కోప్పడలేదు. కాసేపు ఆ దీపం వైపు, తర్వాత ఎర్మెక్ వైపు చూశాడు. కోరపన్ను కనిపించేట్టు నవ్వాడు. “అలాగేనన్నా, వెతుక్కుంటాను” అని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో బురుల్ భోజనం వేళకు రొట్టె తుంచి అతని ముందు పెట్టి, “తిను. ఒట్టు పెట్టిందీ దీని మీదే, తినాల్సిందీ దీన్నే” అంది. ఆ మాటతో సరి, ఆ వారమంతా భర్తతో పళ్ళ గురించి తప్ప మాట్లాడలేదు.

తోక్తోసున్ దగ్గర్నుంచి కబురు లేదు. నిజం బయటపెడతాడేమోనని ఎర్మెక్ ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. బయటపెట్టినా నమ్మేదెవరని తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. చలికాలం ముగిసే రోజుల్లో, పొద్దున టీ తాగుతుండగా కొత్త వీడియో వచ్చింది. మళ్ళీ అదే డేరా, అదే మఫ్లరు. కింద “ఎర్మెక్ మూడో పాట, పొట్ట చెక్కలవుతుంది” అని ఉంది. దాంతోపాటే తోక్తోసున్ పంపిన రికార్డు కూడా వచ్చింది. శుభ్రంగా స్టూడియోలో చేసినది. దాంతో ఒక్క మాట కూడా రాయలేదు.

గోడ మీద పుంజు, కుచ్చు ఎంత ఎరుపు,
నోరు తెరిచెనంటే ఊరంతా మెలకువ.
గోడ వెనక కూసేదెవరో చూడబోకు,
చూస్తే పాపం పుంజు పరువు ఏమవ్వాలి.

గంతులు వేయించే తాళం. పిల్లలు రెండు రోజుల్లో నేర్చేసుకున్నారు. మినీ బస్సు డ్రైవర్లు బ్రేకు వేసినప్పుడల్లా కొక్కొరోకో అంటున్నారు. పత్రికల్లో విమర్శకులు, రికార్డు వేసి పెదాలు కదిపే నేటి గాయకుల ముఖాన ఎర్మెక్ ఎంత ధైర్యంగా అద్దం పట్టాడో అని మెచ్చుకున్నారు. సైకాల్ అమ్మగారు ఫోను చేసి, మన రంగంలో ఈ మాట అనగలిగిన నిజాయితీపరుడు మీరొక్కరే అన్నారు. ఎర్మెక్ కృతజ్ఞతలు చెప్పాడు. ఇంకేం చెబుతాడు? పాట నాది కాదంటే రెండోది ఎవరిదని అడుగుతారు.

వసంతోత్సవంలో, మంత్రుల ముందు, పెద్ద హాల్లో ఆ పాట పాడాల్సి వచ్చింది. బురుల్ చాలా ఏళ్ళ తర్వాత భర్త కచేరీకి వచ్చింది. అత్తగారిని కూడా వెంటబెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. రికార్డు మొదలైంది. ఎర్మెక్ నోరు తెరిచాడు. నోరు తెరిచే పుంజు గురించి నోరు తెరుస్తూ, గోడ వెనక కూసేవాణ్ణి చూడొద్దని గోడ వెనక నుంచి వస్తున్న గొంతుకు పెదాలు కలుపుతూ, ఒక్క అక్షరం కూడా తప్పకుండా చివరిదాకా వెళ్ళాడు. చెమట కాలరులోకి కారింది. కింద మూడో వరసలో భార్య కడుపు పట్టుకుని నవ్వుతోంది. తల్లి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతోంది. జనం రెండోసారి పాడమన్నారు. పాడాడు. ఒక మంత్రిగారు వేదికెక్కి, కళాకారుడంటే తనను చూసి తను నవ్వుకోగలిగినవాడు అని చెప్పి ఇతన్ని కౌగిలించుకున్నారు.

బయట కారు దగ్గర బురుల్ కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“ఎలా ఉంది?” అన్నాడు ఎర్మెక్, అడగకుండా ఉండలేక.

“ఇన్నేళ్ళలో నీ నోటికీ నీ పాటకీ పొంతన కుదరడం ఇదే మొదలు” అంది.

ఆ వేసవిలో ఎర్మెక్‌కు ఊపిరాడనన్ని పిలుపులు వచ్చాయి. ఏ విందుకు వెళ్ళినా పుంజు పాటే కావాలి. కొందరు సరదాకు అతని ముందు గొర్రె తలతో పాటు కోడి తలా పెడుతున్నారు. చెవులు కోసే కత్తితో దాన్నేం చేయాలో అతనికి తెలియదు. మొదట్లో కుమిలిపోయాడు. తర్వాత పళ్ళెం వైపు చూడకుండా తినడం అలవాటు చేసుకున్నాడు. శరత్కాలం వచ్చేసరికి జనం పుంజును కూడా మెల్లగా మర్చిపోవడం మొదలుపెట్టారు. ఒక పెళ్ళిలో తుంటి ఎముక వచ్చింది. ఎర్మెక్‌కు వెన్నులో పాత చలి కదిలింది. మర్నాడు పొద్దున్నే వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, తోక్తోసున్‌కు ఫోను చేశాడు. కనుమ అవతల గాలి హోరు, గుర్రాల సకిలింపు వినిపించాయి.

“తమ్ముడూ” అన్నాడు ఎర్మెక్, రేడియోలో బ్యాటరీలు అయిపోయినంత మెత్తగా. “ఆరోగ్యం బాగుందా? అమ్మాయి చదువుకుంటోందా?”

“అంతా బాగానే ఉందన్నా.”

“ఏం లేదు, నాలుగో పాట ఎప్పుడు పంపుతావా అని.”

అవతల తోక్తోసున్ ఏదో గుర్రాన్ని అదిలించాడు.

“తొందరేముందన్నా, కట్టుకుంటున్నాను. ఇది కూడా మీ గురించే.”

ఎర్మెక్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించాడు.

“సరే, నీ ఇష్టం. కాకపోతే ఊపిరి తీసుకునే చోట్లు కాస్త తెలిసేట్టు పాడు. మొన్నటి దాంట్లో చాలా ఇబ్బంది పడ్డాను.”